చేదు చేతులు

బెల్లం పెనం మీద రసం పొంగుతున్న వాసన.

దాని అడుగున, సన్నగా, గుర్రం చెమట వాసన.

మాఘమాసంలో మా ఊరి గాలి అదే.

అనకాపల్లి చుట్టుపక్కల ఎన్ని ఊళ్ళలో గుర్రాలు పోయాయో నన్నడగండి. కొట్టంలో కట్టింది కట్టినట్టే మాయం. పలుపు మిగిలేది. లద్దె మిగిలేది. గుర్రం మిగిలేది కాదు.

మా ఊళ్ళో మాత్రం ఒక్క గుర్రం కూడా పోలేదు.

ఎందుకంటే మా ఊళ్ళో నేనున్నాను.

నా కాపలా అలాంటిది. దొంగ శారద ఏటికి అవతల కాలు పెడితే ఇవతల నా చెవి దురద పెట్టేది. నా దగ్గు విని, పరుగెత్తి పరుగెత్తి, రాంబిల్లి దగ్గర సముద్రంలో పడ్డవాళ్ళున్నారు. నమ్మకపోతే వెళ్ళి సముద్రాన్ని అడగండి.

సరే. గుర్రం సంగతి.

దాని పేరు తుమ్మెద. నల్లటి ఆడగుర్రం. నీడలో చూస్తే నలుపు. ఎండలో చూస్తే నలుపు లోపల ఎరుపు... ముదిరిన పాకం రంగు.

త్రినాధరావుది ఆ గుర్రం. నాకు అల్లుడి వరస, ఆ మాటకొస్తే ఊరందరికీ నేను మావనే. కొంచెం చెరకు, ఒక గానుగ, ఒక పెళ్ళాం. పిల్లలు లేరు. ఉన్న ప్రేమంతా తీసుకెళ్ళి నాలుగు కాళ్ళ మీద నిలబెట్టాడు.

మా వైపు తీర్థాలుంటాయి. పంట ఇంటికొచ్చాక ప్రతి ఊరూ తన అమ్మవారికి తీర్థం చేసుకుంటుంది. జీళ్ళ కొట్లు, రంగులరాట్నం, ఎడ్ల పందెం. అందరూ కాచుకుని కూర్చునేది ఆఖర్న వచ్చే గుర్రాల పందెం కోసం. కోసేసిన చేలో జెండా కర్రలు పాతి, వాటి చుట్టూ తోలతారు.

తుమ్మెద పరుగెత్తితే దుమ్ము లేచేది కాదు. దుమ్ముకి సంగతి తెలిసేసరికి అది అవతల కర్ర దాటేసేది.

గెలిచిన గుర్రం మెడలో దండ పడుతుంది.

దండతో పాటు కళ్ళు కూడా పడతాయి.

పోయినవన్నీ గెలిచిన గుర్రాలే. ఎస్. రాయవరం వైపు ఒకటి. ఉప్మాక వైపు ఒకటి. చిన్న వ్యాను, పెద్ద హైవే. తెల్లారేసరికి దానికి ఇంకో ఊరు, ఇంకో పేరు. ఒక్కోసారి ఇంకో రంగు.

అన్నిచోట్లా ఒకటే పద్ధతి. ఎత్తుకుపోయేటప్పుడు గుర్రం సకిలించకూడదు కదా. అందుకని ముందు బెల్లం... తరవాత తాడు.

మేం వండిన బెల్లమే. మా గుర్రాల మెడకే.

త్రినాధరావుకి నిద్ర పోయింది.

తుమ్మెద మెడకి గంట కట్టాడు. అది తల ఊపినప్పుడల్లా ఊరంతా ఉలిక్కిపడి లేచేది. కుక్కని తెచ్చాడు. వచ్చిన ప్రతివాడికీ అది తోకాడించి, ముందు నడిచి, కొట్టం దాకా దారి చూపించేది. సెల్లులో కనబడే కెమెరా పెట్టించాడు. దాని కంటి మీద సాలీడు గూడు కట్టింది. పాపం, చెరకు తోటలో గట్టు మీద కూర్చుని, సెల్లు కళ్ళ దగ్గర పెట్టుకుని, పూటపూటంతా సాలీడు కాళ్ళు చూసుకునేవాడు.

ఆఖరికి నన్ను పెట్టాడు.

ఇక్కడ ఒక మాట. ముందు చెప్పిన కాపలా సంగతి కాస్త సర్దుకోవాలి.

కొట్టం గుమ్మంలో మంచం వేసుకున్న మాట నిజం. వేసుకున్న మరుక్షణం నిద్రపోయిన మాట అంతకంటే నిజం. ఒకనాడు పొద్దున్నే కళ్ళు తెరిస్తే నెత్తి మీద చూరు లేదు, ఆకాశం ఉంది. నా మంచం ఊరవతల కళ్ళంలో ఉంది. మంచంతో సహా నన్ను ఎవరో మోసుకొచ్చి దింపేశారు.

ఎవరో కాదు, త్రినాధరావే. ఇద్దరు కుర్రాళ్ళని తోడు తెచ్చుకుని కాపలా ఎలా ఉందో పరీక్ష చేశాడట.

ఇక మా ఊళ్ళో ఒక్క గుర్రం కూడా పోలేదన్నాను చూడండి... ఉన్నదే ఒక్కటి.

"మావా, నిన్ను నమ్ముకుంటే దొంగలు నన్ను కూడా ఎత్తుకుపోతారు. కాపలా నీకు కాదు, గుర్రానికే నేర్పాల" అన్నాడు.

నేర్పాడు.

నేలవేము తెలుసు కదా. జ్వరమొస్తే కషాయం కాచి పోస్తారు. దాని ఆకు నాలిక మీద పెట్టుకుంటే, చచ్చిపోయిన తాతలు వరసగా గుర్తొస్తారు. అంత చేదు. దాన్ని నూరి, బెల్లం ముద్ద నడుమ దాచేవాడు.

పైన తీపి.

లోపల నేలవేము.

ఆ ముద్ద తను పెట్టేవాడు కాదు. ఊరి చేత పెట్టించేవాడు.

పొద్దున ఒకరు. సాయంత్రం ఇంకొకరు. దారిన పోయేవాణ్ణి పిలిచి మరీ పెట్టించేవాడు. ప్రతి చెయ్యీ చాపింది. ప్రతిసారీ అది నమ్మింది. మెత్తటి పెదవులతో అందుకుంది. కొరికింది. ఆగింది. ఉమ్మేసింది.

అప్పుడు త్రినాధరావు వచ్చేవాడు. ముందు ఖాళీ కుడి చెయ్యి చూపించేవాడు. ఆ చేతిలో మంచి బెల్లం పెట్టి తినిపించేవాడు.

లోకంలో తీపి చెయ్యి ఒక్కటే.

మిగతావన్నీ చేదు.

ఉలవల బకెట్టు ఇంకొకరు తెస్తే అందులో నేలవేము రసం చల్లించాడు. చెరకాకు మోపు ఇంకొకరు వేస్తే దాని మీదా చల్లించాడు. అతని చెయ్యి తగలని మేత తుమ్మెద వాసన చూసి వదిలేసేదాకా వదల్లేదు.

నేను కూడా చెయ్యి చాపాను. నవ్వుతూనే చాపాను. అందరం నవ్వుతూనే చాపాం. మాకది తీర్థంలో ఆటలాగే ఉంది.

నవ్వనిది ఒక్క గంగాభవాని. అతని పెళ్ళాం.

ఆమెని ఆఖర్న పిలిచాడు.

"ఒలే, నువ్వు కూడా ఇలా రా. ఈ ముద్ద పెట్టు."

"నానెందుకు పెడతాను? నాను నీ పెళ్ళాన్ని. దొంగని కాదు."

"దొంగ రోజూ కొత్త ఏసం ఏత్తాడే. రేపు నీ సీర కట్టుకుని వత్తేనో?"

"నా సీర కట్టుకునే దొంగోడికి గుర్రం ఏటికి? రెండు రోజులు కాపరం సెయ్యమను, ఆడే పారిపోతాడు."

అందరం విరగబడి నవ్వాం. అతను మాత్రం నవ్వలేదు. ముద్ద ఆమె చేతిలో పెట్టి, ఆ చేతిని తనే పట్టుకుని చాపించాడు.

తుమ్మెద ఆమె చేతిని వాసన కూడా చూడలేదు. చూడక్కర్లేని చెయ్యి అది. రోజూ నుదురు నిమిరే చెయ్యి. గబుక్కున అందుకుంది. కొరికింది.

ఉమ్మలేదు.

నోట్లో పెట్టుకుని అలాగే నిలబడి, ఆమె వైపు చూసింది.

చాలాసేపటికి ముద్ద దానంతటదే జారి కింద పడింది.

గంగాభవాని ఏటికి పోయి చేతులు ఇసకతో తోముకుంది. చేదు పోతుంది కదా, పోయింది. ఆ గుర్రం చూసిన చూపు పోతుందా?

తరవాతి తీర్థం రాంబిల్లి వైపు. మిట్టమధ్యాహ్నం. మైకులో పాటలు. తుమ్మెద గెలిచింది. త్రినాధరావు బహుమతికి పిలుస్తున్నారని పందిట్లోకి వెళ్ళాడు.

ఒకడు వచ్చాడు. తెల్లచొక్కా, మెడలో కండువా. ఎవరైనా చుట్టమనుకుంటారు. జేబులోంచి బెల్లం తీశాడు. రెండోవాడు వెనక తాడుతో నిలబడ్డాడు. మూడోవాడు వ్యాను తలుపు తీసి పట్టుకున్నాడు.

తుమ్మెద బెల్లం చూసింది. మనిషిని చూసింది.

భుజం మీద కరిచింది. ఎలా కరిచిందంటే చొక్కా చిరిగి, దాంతో పాటు వాడి పచ్చబొట్టు కూడా ఊడొచ్చింది. ఏదో ఆడపిల్ల పేరు. సగం గుర్రం నోట్లో, సగం వాడి భుజం మీద. వాడి కేకకి మైకు ఆగిపోయింది. వ్యాను దుమ్ము రేపుకుంటూ పోయింది. తాడువాడు వ్యాను వెనకే పరుగు.

పందెంలో పాల్గొని ఉంటే వాడే గెలిచేవాడు.

ఆవేళ త్రినాధరావుని భుజాల మీద ఊరేగించాం. గుర్రం దక్కింది. చేతులు చేదైతేనేం అనుకున్నాం.

అనుకున్నాం...

ఫాల్గుణంలో, గానుగ దగ్గర, పెనం దింపుతుండగా త్రినాధరావు కూలబడ్డాడు. నోరు ఒక పక్కకి పోయింది. కుడి చెయ్యి నేల మీద, ఎవరో పారేసుకున్న వస్తువులా పడి ఉంది. పాకం మాడిపోయింది. ఆ మాడు వాసన మధ్య 108 బండి వచ్చి అతన్ని విశాఖ పెద్దాసుపత్రికి తీసుకుపోయింది.

పొద్దున గంగాభవాని ఆసుపత్రిలో, సాయంత్రం కొట్టంలో. బస్సు దిగిన కాళ్ళతోనే ఉలవలు నానబోసేది.

తుమ్మెద తినలేదు.

బెల్లం పెట్టింది. తినలేదు. చెరకాకు వేసింది. తినలేదు. చెయ్యి చాపగానే మొహం పక్కకి తిప్పుకునేది. కోపంగా కాదు. మర్యాదగా. విస్తట్లో చాలు చాలన్నట్టు.

ఊరంతా వచ్చింది. ఒక్కొక్కరం మంచి బెల్లం తెచ్చి, ముందు మా నోట్లో వేసుకుని నమిలి చూపించి, తరవాత చాపాం. ఎన్ని చేతులో. ఎంత తీపో.

అది ప్రతి చేతినీ గుర్తుపట్టింది.

ఏటి గట్టుకి విప్పితే వెళ్ళేది. నీళ్ళు తాగేది. ఎండిన గడ్డి నాలుగు పరకలు కొరికేది. బతకడానికి చాలదు. చావడానికి సరిపోదు.

పక్కింటి అప్పాయమ్మ ఆదివారం చర్చి నుంచి తిన్నగా కొట్టంలోకే వచ్చింది. బైబిలు చంకలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈ నోరులేని దాని నోరు తెరిపించు నాయనా" అని గట్టిగా ప్రార్థన చేసింది.

తుమ్మెద ఆవలించింది. మళ్ళీ మూసుకుంది.

"సూసేవేటి మావా! తెరిసింది. తినిపించమని అడగడం మరిసిపోయేను. తప్పు నాదే, పెబువుది కాదు."

నవ్వాం. నవ్వుతుంటే గుర్రం పక్కటెముకలు కనబడ్డాయి. నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

పశువుల డాక్టరు వచ్చాడు. జబ్బేమీ లేదన్నాడు. అలవాటైన మనిషి పెడితే తింటుందన్నాడు. సెలైను ఎక్కించి వెళ్ళాడు.

అలవాటైన మనిషి విశాఖలో ఉన్నాడు. అతనికీ సెలైనే ఎక్కుతోంది.

కొంటానని ఒకడొచ్చాడు. చెయ్యి చాపాడు. తుమ్మెద మొహం తిప్పుకుంది. తినని గుర్రాన్ని తీసుకెళ్ళి ఏం చేసుకోనమ్మా అని, వచ్చిన బండి మీదే వెళ్ళిపోయాడు.

త్రినాధరావు ఆసుపత్రికి పోయాక కొట్టం గుమ్మంలో మళ్ళీ నా మంచమే. ఆ సాయంత్రం గంగాభవాని నా దగ్గరకొచ్చింది.

"మావా, ఇయాల్టినుంచి నువ్వు మీ ఇంటికాడే పడుకో."

"కొట్టానికి తాళమేసేవా?"

"తీసీసేను."

"ఏటే, మతిపోయిందేటి నీకు?"

"దొంగోడైనా వత్తాడేమో, మావా. ఎవుడి సెయ్యి తీపో మనకేటి తెలుసు. ఆడికాడైనా తింటాది."

నా నోటికి ఏ అబద్ధమూ రాలేదు. అలా జరగడం నా జన్మలో అదే మొదలు.

తలుపులు బార్లా తీసింది. గంట విప్పేసింది. కెమెరా మీద గోనెసంచి కప్పింది. కుక్కని మాత్రం వదిలేసింది, దారి చూపిస్తుందని. దొంగకి ఇంత మర్యాద చేసిన ఇల్లు జిల్లా మొత్తంలో లేదు.

ఎవరూ రాలేదు.

ఏటి అవతలి ఊళ్ళో ఇంకో గుర్రం పోయింది. దీన్ని ఎవరూ ముట్టుకోలేదు. పచ్చబొట్టు సంగతి దొంగలందరికీ పాకిపోయినట్టుంది.

తెరిచి ఉన్న కొట్టంలో తుమ్మెద. అది కూడా బయటికి రాలేదు. గుమ్మంలో నిలబడి రోడ్డు వైపు చూసేది. చెవులు మాత్రం కదిలేవి. ఒకటి ఇటు... ఒకటి అటు...

త్రినాధరావుని ఇంటికి పంపేశారు. చెయ్యగలిగింది చేశామన్నారు. పక్షవాతం ఇంకోసారి వస్తే కష్టమన్నారు.

అతన్ని తెస్తున్న వ్యాను సందు తిరుగుతుండగానే తుమ్మెద సకిలించింది. ఎముకల గూడులోంచి అంత పెద్ద సకిలింపు ఎలా వచ్చిందో.

మంచం మీద పడుకోబెట్టి కొట్టం ముందుకి మోశాం. నేను కాళ్ళ వైపు పట్టుకున్నాను. అతను తేలికగా ఉన్నాడు. మోస్తున్నవాళ్ళకి తెలియకూడనంత తేలిక.

ముందు అతని ఎడం చేతిలో బెల్లం పెట్టాం. అది కాస్త కదులుతోంది. తుమ్మెద వచ్చి, చూసి, ఆగిపోయింది. ఎడం చేత్తో ఎవరికీ ఏమీ పెట్టని మనిషి అతను. మనిషికీ పెట్టలేదు, గుర్రానికీ పెట్టలేదు. ఆ చెయ్యి కూడా దానికి పరాయిదే.

అప్పుడు గంగాభవాని నేల మీద మోకాళ్ళూనింది. చచ్చుపడ్డ కుడి చేతి కింద తన చెయ్యి పెట్టింది. ఎత్తింది.

చేతి మీద చెయ్యి. దాని మీద బెల్లం.

తుమ్మెద వాసన చూసింది. మందుల వాసన. ఆసుపత్రి వాసన. వెనక్కి తగ్గింది. మళ్ళీ వచ్చింది. మణికట్టు చూసింది. మోచెయ్యి చూసింది. అతని మెడ దగ్గర మూతి పెట్టి, అక్కడే ఉండిపోయింది.

తరవాత తిన్నది.

త్రినాధరావు మొహంలో సగమే ఏడ్చింది. మిగతా సగం ఊరికే చూస్తూ ఉంది.

అప్పటినుంచి పొద్దునా సాయంత్రం మంచం బయటికి వస్తుంది. ఆ చేతిని ఉలవల్లో ముంచి తిప్పుతుంది గంగాభవాని. చెరకాకు మీద రాస్తుంది. అది తగిలితే మేత. తగలకపోతే చెత్త.

గుర్రం ఎముకలు లోపలికి పోతున్నాయి.

అతని ఎముకలు బయటికి వస్తున్నాయి.

ఆమె రెండూ చూస్తోంది. ఆమెకి లెక్క తెలుసు. ఆ చెయ్యి ఉన్నంతకాలమే ఈ నోరు.

అందుకని మొదలుపెట్టింది... రోజుకి కాస్త. అతని చేతి కింద దాగిన తన చేతిని ముందుకి జరపడం. మొదట గోళ్ళు కనబడ్డాయి. తరవాత వేళ్ళ కొసలు. బెల్లం అతని అరచేతి నడుమ నుంచి అంచుకి వచ్చింది. తుమ్మెద అంచు దాకా తినేది. ఆమె వేళ్ళ మీద రాలిన పొడిని వదిలేసేది. అంత మెత్తటి పెదవులకి అంత కచ్చితం ఎవరు నేర్పారు?

మేమే నేర్పాం.

ఒకనాడు అతనికి అర్థమయింది. ఆమె చేస్తున్నది చూశాడు. ఎడం చెయ్యి లేచింది. తన కుడి చేతిలోని ముద్దని తీసింది. పెళ్ళాం అరచేతిలో పెట్టింది.

ఎడం చేత్తో. ఆ మనిషి.

అతనికి మిగిలిన మాట ఒక్కటే. అది అన్నాడు.

"ఊ."

గంగాభవాని చెయ్యి ఒంటరిగా గాలిలో నిలిచింది.

తుమ్మెద మూతి వంచింది. ఆ అరచేతిని వాసన చూసింది. ఊపిరి వదిలింది. పెదవి కదిపింది.

తిన్నది.

ఆమె ఆ తడి చేతిని మడవలేదు, తుడుచుకోలేదు. అలాగే చాపుకుని కూర్చుంది.

ఇక్కడ ఆపేస్తే బాగుండేది.

కాని నేను అబద్ధాలకోరునని ఊరికంతా తెలుసు. మీకూ తెలిసే ఉంటుంది. ఎక్కడెక్కడ కోశానో వెతుక్కుంటూ ఉంటారు. మీకా శ్రమ వద్దు. మీరు నవ్విన చోట్లన్నీ నిజమే, కాస్త అటూ ఇటూ. నవ్వని చోట ఒకటి కల్పించాను.

ఆమె చేతిలోది అది తినలేదు.

వాసన చూసింది. అది నిజం. ఊపిరి వదిలింది, ఆమె వేళ్ళు వెచ్చబడ్డాయి. అది నిజం. పెదవి కదిపింది. నా కళ్ళతో చూశాను. తరవాత తల ఎత్తి, అతని వైపు తిరిగి, నిలబడింది.

నిన్నటికీ తినలేదు.

అతనికి ఇప్పుడు ఆ "ఊ" కూడా రావడం లేదు.

రేపు పొద్దున్నే మంచం మళ్ళీ మొయ్యాలి. ఆమె మళ్ళీ చెయ్యి చాపుతుంది. నేను కాళ్ళ వైపు ఉంటాను, చూస్తాను.

ఇది మీరు చదివేసరికి అది తినే ఉండొచ్చు.

అందుకే ఆ మాట ముందే రాసి పెట్టాను.